కోల్కా పగస్టు ఏ జిల్లాలో ఉంది? ఒక్కో పుస్తకంలో ఒక్కో పేరు ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు రీగాలో చదువుకుంటున్నారు. కోర్సు ప్రాజెక్టుకి లాత్వియా వాయవ్య మూలన ఉన్న కోల్కా పగస్టును తీసుకున్నారు. 1930ల పుస్తకంలో ఆ ఊళ్ళు వెంట్స్‌పిల్స్ జిల్లా అని ఉంది. సోవియెట్ కాలం మ్యాపులో తల్సి అని ఉంది. పదేళ్ళ కిందటి రిపోర్టులో డుండగా అని ఉంది. ఇప్పుడు చూస్తే మళ్ళీ తల్సి. వీటిలో ఏది రాయాలి, పగస్టు అంటే మన మండలమా పంచాయతీనా, దాని సరిహద్దు సముద్రం వెంబడే అలా ఎందుకు సాగింది అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, అన్నీ కరెక్టే. మీరు ఏ ఏడాది గురించి రాస్తున్నారో ఆ ఏడాది పేరు రాయాలి. ఈరోజు సంగతైతే "కోల్కా పగస్టు, తల్సి నొవడ్" అని రాయండి (నొవడ్ అంటే పగస్టుల పైన ఉండే ఇప్పటి స్థానిక ప్రభుత్వ ప్రాంతం). 2021 జూలై 1 నుంచి అదే అమల్లో ఉంది.

పగస్టు ఇప్పుడు మన మండలమూ కాదు, పంచాయతీ కూడా కాదు. కొన్ని ఊళ్ళు కలిసిన ప్రాంతం కాబట్టి మ్యాపు మీద మండలంలా కనిపిస్తుంది. జనాభా మాత్రం అన్ని ఊళ్ళూ కలిపినా వెయ్యి దాటదు. అధికారం దగ్గరికొస్తే పంచాయతీకున్నంత కూడా లేదు, ఎందుకంటే దానికంటూ ఎన్నికైన కౌన్సిల్ 2009 నుంచి లేదు. స్థానికంగా ఒక ఆఫీసు ఉంటుంది, కాగితాలు తీసుకుంటుంది, చిన్నచిన్న పనులు చూస్తుంది. బడ్జెట్టు, నిర్ణయాలు అన్నీ నొవడ్ కౌన్సిల్ చేతిలోనే. అయితే ఒకప్పుడు పగస్టు అంటే దానికి సొంత కోర్టు, బడి, ధాన్యపు కొట్టు, గుమాస్తా, ఎన్నికైన పెద్ద అందరూ ఉండేవారు. ఆ హోదా ఎలా వచ్చి ఎలా పోయిందన్నదే మీ ప్రాజెక్టుకి అసలు కథ అవుతుంది.

నేను ఇక్కడ పాత భూమి మ్యాపులను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇప్పటి సర్వే హద్దులతో సరిచూసే పనిలో ఉన్నాను. లాత్వియా పడమటి ప్రాంతమైన కుర్జెమె తీరం మ్యాపులు నా చేతుల మీదుగా చాలా వెళ్ళాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు నేల చూడండి, హద్దులు తర్వాత. కోల్కా అగ్రం దగ్గర రెండు నీళ్ళు కలుస్తాయి. పడమటి వైపు బాల్టిక్ సముద్రపు ఇర్బె జలసంధి, దాని అవతల ఎస్తోనియా వాళ్ళ సారెమా ద్వీపం. తూర్పు వైపు రీగా సింధుశాఖ. అక్కడివాళ్ళు పడమటిదాన్ని పెద్ద సముద్రమనీ, తూర్పుదాన్ని చిన్న సముద్రమనీ అంటారు. అగ్రం కొసన నిలబడితే రెండు వైపుల అలలూ ఒకదానికొకటి అడ్డంగా వచ్చి గుద్దుకోవడం కనిపిస్తుంది. ఇసుక తిన్నె అక్కడితో ఆగిపోదు, నీటి కింద కిలోమీటర్ల దూరం పోతుంది. ఎన్నో ఓడలు దాని మీద ఎక్కి పగిలిపోయాయి. పూర్వం ఒడ్డునే దీపస్తంభాలు ఉండేవి. తిన్నె కొస దగ్గరికి వెలుతురు చేరాలని 1870లలో రాళ్ళు పోసి సముద్రంలో ఒక కృత్రిమ ద్వీపం కట్టారు. ఇప్పుడు దాని మీద కనిపించే దీపస్తంభం 1884 నాటిది.

ఈ అగ్రం చాలా పాతకాలం నుంచే ఓడలవాళ్ళకు తెలుసు. స్వీడన్‌లోని సోడెర్‌మన్‌లాండ్‌లో మెర్వల్లా అనే చోట వైకింగుల కాలపు శాసనశిల ఒకటి ఉంది. భర్త జ్ఞాపకంగా ఒక భార్య నిలబెట్టించిన రాయి అది. సరుకుల ఓడలో డోమెస్నెస్ చుట్టి సెమిగాలియాకు (ఇప్పటి లాత్వియాలోని ఒక ప్రాంతం) తరచూ వెళ్ళేవాడని అందులో చెక్కారు. ఆ డోమెస్నెస్ ఈ కోల్కానే. పాత జర్మన్, స్వీడిష్ మ్యాపుల్లో మీకు కోల్కా అని ఎక్కడా కనిపించకపోతే కంగారుపడకండి, ఈ పేరు కోసం వెతకండి.

ఇక లోపలి నేల. తీరం నుంచి కొన్ని కిలోమీటర్లు లోపలికి వెళ్తే ఒక్కసారిగా గట్టులాంటి ఎత్తు వస్తుంది. నీలి కొండలంటారు. పేరుకే కొండలు గానీ నిజానికి అది వేల ఏళ్ళ కిందటి ఒడ్డు. మంచుయుగం చివర కరిగిన నీరు ఇక్కడిదాకా నిలిచేది. స్లీతెరె దీపస్తంభం ఆ గట్టు మీదే ఉంది, 1849లో కట్టారు. సముద్రానికి అంత దూరంలో దీపస్తంభం ఏమిటని చాలామంది అడుగుతారు. గట్టు ఎత్తు కలిసొస్తుంది కాబట్టి సముద్రంలో దూరం నుంచే కనపడేది.

ఆ పాత ఒడ్డుకీ ఇప్పటి ఒడ్డుకీ మధ్య నేల చూడాల్సిందే. సముద్రం వెనక్కి జరిగినప్పుడల్లా ఒక ఇసుక గట్టు మిగిలిపోయింది. అలా వరసగా, ఒడ్డుకి సమాంతరంగా గట్టు, పల్లం, గట్టు, పల్లం. గట్లను కంగరి అంటారు, పల్లాలను విగ అంటారు. గట్టు మీద పైన్ చెట్లు, కాలి కింద పొడి ఇసుక. పదడుగులు దిగితే పల్లంలో నల్లటి నీళ్ళు, తుంగ, నాచు. గట్టు వెంబడి ఎంత దూరమైనా హాయిగా నడవచ్చు, అడ్డంగా దాటాలంటే మాత్రం కష్టం. ఆ నేలలో పంట సరిగ్గా పండదు. అందుకే ఊళ్ళన్నీ సముద్రం పక్కనే వరసకట్టాయి, చేపలే బతుకు. పడమటి నుంచి తూర్పుకి సీక్రగ్స్, మజిర్బె, కోష్‌రగ్స్, పిత్రగ్స్, సౌనగ్స్, వైదె, ఆఖరికి కోల్కా. అగ్రం చుట్టూ తిరిగి సింధుశాఖ వైపు ఊషి అనే ఊరు. మీ మూడో ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. మనుషులు బతకగలిగిన నేలే సన్నటి పట్టీ, దాని వెనక అంతా అడవి, బురద.

మిగతా సగం జవాబు ఈ ఊళ్ళలో ఉన్న మనుషులది. వీళ్ళు లీవులు. వాళ్ళ భాష లాత్వియన్‌కి చుట్టం కాదు, ఎస్తోనియన్, ఫిన్నిష్ కుటుంబానిది. ఒకప్పుడు రీగా సింధుశాఖ చుట్టూ చాలా విస్తారంగా ఉన్న జనం, చివరికి ఈ తీరం పట్టీలో మిగిలారు. వెనక అడవి, ముందు నీరు ఉండడం వల్ల భాష ఇక్కడ నిలబడింది. పడవలో సారెమాకు పోవడం వీళ్ళకు పెద్ద విషయం కాదు, వర్తకాలూ వియ్యాలూ అటు నడిచేవి. సుమారు ఇరవై కిలోమీటర్లు అడవిలో పడి డుండగాకు పోవడమే ప్రయాణం.

కానీ అధికారం ఎప్పుడూ డుండగాలోనే ఉండేది. 13వ శతాబ్దంలో మొదలైన కోట అక్కడుంది. మధ్యయుగంలో ఈ ప్రాంతం కుర్జెమె బిషప్పు రాజ్యంలో భాగం. 1559లో బిషప్పు దాన్ని డెన్మార్క్ రాజుకు అమ్మేశాడు, తర్వాత అది పోలండ్ కిందికి పోయింది, 1795లో రష్యా సామ్రాజ్యంలో కలిసింది. పైన రాజులు ఎవరు మారినా ఊళ్ళవాళ్ళకి దొర ఒక్కడే, మేనరు (ఊళ్ళతో సహా ఉన్న జమీందారీ ఎస్టేటు) యజమాని. డుండగా మేనరు చాలాకాలం ఓస్టెన్-సాకెన్ అనే జర్మన్ దొరల కుటుంబానిది. సీక్రగ్స్ నుంచి కోల్కా దాకా ఉన్న ఊళ్ళు ఆ మేనరు కింద ఉండేవి. పడమటన ఉన్న లియెలిర్బె, మికెల్‌టోర్నిస్, లూజ్న్యా పోపె మేనరు కింద. ఒకే భాష మాట్లాడే ఒకే తీరం ఇద్దరు దొరల మధ్య రెండు ముక్కలు. ఈ గీతను గుర్తుపెట్టుకోండి, ఇది ఇప్పటికీ చెరిగిపోలేదు.

1817లో కుర్జెమెలో రైతుల బానిసత్వం రద్దయింది. స్వేచ్ఛ వచ్చింది గానీ భూమి రాలేదు. అప్పుడే రైతుల సముదాయంగా పగస్టు, దాని కోర్టు మొదలయ్యాయి. కాకపోతే దొర చెయ్యి దాని మీద ఉండేది. కుర్జెమె రైతులకు ఇంటిపేర్లు కూడా ఆ తర్వాతే వచ్చాయి, 1834-35 ప్రాంతంలో. మీ ప్రాజెక్టులో కుటుంబాల చరిత్ర పెట్టాలనుకుంటే అంతకు ముందు ఇంటిపేరుతో వెతికి లాభం లేదు, రైతు ఉండే ఇంటికి, అంటే ఆ కట్టడానికీ పొలానికీ ఉన్న పేరుతో వెతకాలి.

అసలు మలుపు 1866. ఆ ఏడాది వచ్చిన పగస్టు చట్టం దొర పెత్తనం తీసేసింది. పగస్టుకి సభ, ఎన్నికైన పెద్ద, సొంత కోర్టు, సొంత ఖర్చుతో బడి, బీదల పోషణ బాధ్యత, కరువుకాలానికి ధాన్యపు కొట్టు. వీటన్నిటి మధ్యలో పగస్టు గుమాస్తా. ఆ కాగితాలు చదివినప్పుడల్లా నాకు ఆ గుమాస్తాల మీద గౌరవం పెరుగుతుంది. ఎవరి ఆవు ఎవరి పొలంలో పడిందో, ఏ వితంతువుకి ఎంత రై ధాన్యం ఇచ్చారో, ఎవరికి ఊరు విడిచి పోవడానికి పాస్ ఇచ్చారో అంతా రాసిపెట్టారు. రైతులు ఎన్నిక, లెక్క, తీర్మానం నేర్చుకున్నది ఆ గదుల్లోనే. 1918 నవంబర్ 18న లాత్వియా స్వతంత్ర దేశమైనప్పుడు పల్లెల్లో పాలన తెలిసినవాళ్ళు అప్పటికే తయారుగా ఉన్నారంటే కారణం పగస్టులేనని నేను గట్టిగా నమ్ముతాను. 1920 భూసంస్కరణతో మేనర్ల భూములు కూడా పోయాయి.

స్వతంత్ర లాత్వియాలో పై స్థాయిని అప్రింకిస్ అనేవారు, జిల్లా అనుకోండి. 1935 నాటికి దేశంలో 19 జిల్లాలు, 517 పగస్టులు. ఆ జాబితాలో కోల్కా పగస్టు అని మీకు దొరకదు. కోల్కా నుంచి సీక్రగ్స్ దాకా అంతా వెంట్స్‌పిల్స్ జిల్లా, డుండగా పగస్టులో ఉండేది. మీ 1930ల పుస్తకంలో వెంట్స్‌పిల్స్ అని ఉన్నది అందుకే.

అప్పుడే ఒక ముఖ్యమైన విషయం జరిగింది. దీన్ని మీ ప్రాజెక్టులో తప్పకుండా పెట్టండి. 1923 ఏప్రిల్ 2న మజిర్బెలో లీవుల సంఘం పుట్టింది. అదే ఏడాది వాళ్ళకి ఆకుపచ్చ, తెలుపు, నీలం జెండా వచ్చింది. చేపల పడవలో నిలబడి ఊరి వైపు చూస్తే కనిపించే వరస అది: పైన అడవి, మధ్యలో ఇసుక, కింద నీరు. లీవులు తమ ఊళ్ళన్నీ కలిపి ఒకే పగస్టు ఇవ్వమని అడిగారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ ప్రాంతంలో ఎంతోకాలంగా ఉంటున్న లాత్వియన్ కుటుంబాలను తరలించాల్సి వస్తుందన్నది చెప్పిన కారణం. సొంత పగస్టు వచ్చి ఉంటే సొంత బడి, సొంత గుమాస్తా, తమ భాషలో నడిచే సభ వచ్చేవి. వెయ్యిమందికి అటూఇటూగా మిగిలిన జనానికి అవి ఎంత అవసరమో ఆలోచించండి. 1939లో ఎస్తోనియా, ఫిన్లాండ్, హంగరీ సాయంతో మజిర్బెలో లీవుల భవనం తెరుచుకుంది. భవనమైతే వచ్చింది, పగస్టు రాలేదు. ఆ ఏడాదే యుద్ధం మొదలైంది.

అంతకు ముందు మొదటి ప్రపంచ యుద్ధమే ఈ తీరాన్ని బాగా దెబ్బతీసింది. 1915లో జర్మన్ సైన్యం వచ్చినప్పుడు ఊళ్ళు ఖాళీ అయ్యాయి, వెళ్ళినవాళ్ళు అందరూ తిరిగి రాలేదు. జర్మన్లు వాళ్ళ అవసరానికి వేసుకున్న చిన్న రైలు పట్టాలు మాత్రం మిగిలాయి. డుండగా, మజిర్బె మీదుగా పోయే ఆ చిన్న రైలు 1960ల దాకా నడిచింది. పాత మ్యాపులో అడవి మధ్య తిన్నగా పోయే గీత కనిపిస్తే అదే.

సోవియెట్ కాలం. 1945లో పాత పగస్టుల లోపలే గ్రామ సోవియెట్లు, అంటే గ్రామ కౌన్సిళ్ళు పెట్టారు. 1949 డిసెంబర్ 31న పగస్టులను, జిల్లాలను పూర్తిగా తీసేశారు. వాటి బదులు రయోన్‌లు (సోవియెట్ జిల్లాలు), వాటి కింద గ్రామ సోవియెట్లు. మొదట్లో రయోన్‌లు చాలా చిన్నవి, డుండగా పేరుతోనే ఒకటి కొన్నేళ్ళు నడిచింది. తర్వాత కలుపుతూ పోయి 1967 నాటికి 26 రయోన్‌లు చేశారు. అందులో కోల్కా చివరికి తల్సి రయోన్‌లో తేలింది. పడమటి లీవు ఊళ్ళు వెంట్స్‌పిల్స్ రయోన్‌లో ఉండిపోయాయి. పైన చెప్పానే, ఇద్దరు దొరల మధ్య గీత, అది ఇప్పుడు రెండు రయోన్‌ల మధ్య గీత అయింది.

కానీ ఈ తీరాన్ని హద్దుల కంటే ఎక్కువగా మార్చింది సరిహద్దు భద్రత. అది సోవియెట్ యూనియన్ పడమటి అంచు. తీరమంతా నిషిద్ధ ప్రాంతం, బయటివాళ్ళు రావాలంటే పర్మిట్, రాత్రిపూట ఒడ్డుకి పోకూడదు, కావలి బురుజులు, సైనికులు. చిన్న ఊళ్ళ నుంచి పడవ వేసుకుని చేపలకు పోవడం ఆగిపోయింది. చేపలపని కొన్ని పెద్ద రేవులకి పరిమితమైంది. చేపలే బతుకైన ఊళ్ళో పడవ దించకూడదంటే యువకులు ఏం చేస్తారు? వెంట్స్‌పిల్స్‌కో రీగాకో పోయారు. మజిర్బెకు వెళ్తే ఇసుక గట్టు దాటాక పైన్ చెట్ల కింద పాత చెక్క పడవలు పడి ఉంటాయి. దగ్గరికి వెళ్ళి చూడండి. పక్కటెముకల్లా వంగిన దుంగలు బయటికి తేలి, వాటి మీద పచ్చటి నాచు పట్టి, మధ్యలోంచి చిన్న పైన్ మొక్కలు లేచాయి. ఇనుప మేకుల చుట్టూ చెక్క నల్లబడి పొడిపొడిగా రాలుతుంది, ముట్టుకోకండి. ఈ పగస్టులో జనాభా ఎందుకు తగ్గిందని ఎవరైనా అడిగితే నేను లెక్కలు చూపించే ముందు ఆ పడవల ఫొటో చూపిస్తాను.

ఇంకో వైపు నుంచి స్లీతెరె అడవి. 1923లోనే కొంత భాగానికి రక్షణ వచ్చింది, 1957లో రిజర్వు అయింది, 2000లో జాతీయ ఉద్యానం అయింది. ఇల్లు కట్టాలన్నా, చెట్టు కొట్టాలన్నా నియమాలు ఎక్కువ. సైన్యం మూసెయ్యడం, అడవి చట్టం ఈ రెండూ కలిసి ఊళ్ళ పాత రూపాన్ని కాపాడాయి. కోష్‌రగ్స్‌లో నడిస్తే పాత దుంగల ఇళ్ళు, కంచెలు, ఇళ్ళ మధ్య దూరాలు అన్నీ 1930ల మ్యాపుతో సరిపోతాయి. అయితే ఆ ఇళ్ళలో చాలావాటికి ఇప్పుడు వేసవిలోనే తాళం తీస్తారు.

1990లో గ్రామ సోవియెట్లకి మళ్ళీ పగస్టు అని పేరు పెట్టారు. కోల్కా పగస్టు అనే పేరు అధికారికంగా మనకు కనిపించేది అప్పటి నుంచే. ఇక్కడ చాలామంది పొరపడతారు. పగస్టు అనే వ్యవస్థ పాతది, కానీ కోల్కా పగస్టు సరిహద్దు 1930ల నాటిది కాదు, సోవియెట్ గ్రామ సోవియెట్ నుంచి వచ్చింది. లీవులు 1920లలో అడిగి సాధించుకోలేకపోయిన పగస్టుకి ఇంచుమించు దగ్గరగా ఉన్న ఆకారం, తీరం ఊళ్ళన్నీ ఒక దండగా ఉన్న పగస్టు, ఎవరూ వాళ్ళ కోసం ఆలోచించకుండానే ఏర్పడింది. అప్పటికి ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. పైగా పడమటి ఊళ్ళు ఇప్పటికీ వెంట్స్‌పిల్స్ నొవడ్, తార్గలె పగస్టులోనే ఉన్నాయి. లీవు భాష మాతృభాషగా పెరిగిన చివరి వ్యక్తిగా చెప్పే గ్రిజెల్డా క్రిస్టినా 2013లో కెనడాలో చనిపోయారు. 1991లో ప్రభుత్వం లీవు తీరాన్ని రక్షిత సాంస్కృతిక ప్రాంతంగా గుర్తించింది. మంచి పనే, కాకపోతే చాలా ఆలస్యంగా వచ్చిన పని.

2009 జూలై 1న 26 రయోన్‌లను రద్దుచేసి నొవడ్‌లు పెట్టారు. అప్పుడు డుండగా, కోల్కా అనే రెండే పగస్టులతో డుండగా నొవడ్ ఏర్పడింది. మీ పదేళ్ళ కిందటి రిపోర్టు ఆ కాలానిది. 2021 జూలై 1న మళ్ళీ సంస్కరణ. దేశంలో 119 ఉన్న స్థానిక ప్రభుత్వాలు 43 అయ్యాయి. డుండగా, రోయా, మేర్స్‌రగ్స్ నొవడ్‌లు తల్సిలో కలిసిపోయాయి. మన దగ్గర 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినప్పుడు, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు చిరునామాల గందరగోళం చూశారు కదా, ఇక్కడ అదే టెన్షన్, కాకపోతే తిరగేసి. మన దగ్గర ముక్కలు పెరిగాయి, ఇక్కడ తగ్గాయి. కారణం జనాభా. పన్ను కట్టేవాళ్ళు తగ్గిన చోట ఒక్కో చిన్న కౌన్సిల్‌కి విడిగా బడి, రోడ్డు, ఆఫీసు నడపడం కష్టమని ప్రభుత్వం వాదించింది. ఆ వాదనలో నిజం ఉంది. అయితే కోల్కా కొస నుంచి చూసేవాళ్ళకి నిర్ణయం జరిగే గది డుండగా నుంచి తల్సికి ఇంకాస్త దూరం జరిగింది. సంస్కరణ మంచిదా చెడ్డదా అని ఒక్క ముక్కలో రాయకండి, ఎవరి చోటు నుంచి చూస్తున్నారో చెప్పి రాయండి.

ఇప్పుడు పనికొచ్చే జాగ్రత్తలు కొన్ని.

చర్చి పరిధి వేరు, పగస్టు వేరు. జననం, పెళ్ళి, మరణం పాత కాలంలో చర్చి పుస్తకాల్లో ఉంటాయి, పగస్టు కాగితాల్లో కాదు. ఆ మధ్య కెనడా నుంచి ఒకావిడ వాళ్ళ అమ్మమ్మ పుట్టిన రికార్డు కోసం తిరుగుతూ నా దగ్గరికి వచ్చారు. ఊరు సౌనగ్స్ అని తెలుసు. ఇప్పటి మ్యాపు చూసి తల్సి అని రాసి అడుగుతూ వచ్చారు, ఎక్కడా దొరకలేదు. మజిర్బె లూథరన్ చర్చి పుస్తకాలు తెరిచాం. పసుపురంగు తిరిగిన పేజీ, చేత్తో గీసిన నిలువు గడులు, వంకర తిరిగిన పాత జర్మన్ రాత. ఒక గడిలో పుట్టిన రోజు, పక్కన బాప్టిజం రోజు, తర్వాత తండ్రి పేరు, ఆ పేరుకి ముందు రైతు ఇంటి పేరు. ఆ ఇంటి పేరే ఆధారమైంది, అది ఆవిడ కుటుంబంలో ముద్దుపేరుగా ఇంకా వాడుకలో ఉంది. 19వ శతాబ్దపు తేదీలు పాత కేలండర్‌వి, ఇప్పటి లెక్కకి 12 రోజులు కలపాలి. 1890ల ప్రాంతం నుంచి జర్మన్ పోయి రష్యన్ రాత వస్తుంది, దానికీ సిద్ధపడండి. ఈ పుస్తకాలు చాలావరకు లాత్వియా ప్రభుత్వ చారిత్రక ఆర్కైవ్స్ ఆన్‌లైన్‌లో పెట్టింది.

భూమి నంబర్లో పాత జిల్లా ఇంకా బతికే ఉంది. ఇక్కడి భూమి కడాస్టర్ (ప్రభుత్వ భూమి రికార్డు) నంబరుకి 11 అంకెలు ఉంటాయి. తల్సి పాత రయోన్ భూములు 88తో మొదలవుతాయి. రయోన్ 2009లోనే పోయినా నంబరు మార్చలేదు. మార్చితే లక్షల కాగితాలు తిరగరాయాలి. కాబట్టి పేరు చూసి తికమక పడినప్పుడు నంబరు చూడండి, స్థలం ఎక్కడిదో తేలిపోతుంది.

తీరం హద్దుని నమ్మకండి. అగ్రం దగ్గర సముద్రం ఒక చోట కోస్తుంది, ఇంకోచోట ఇసుక పోస్తుంది. 2005 జనవరి తుపాను పైన్ చెట్లను వేళ్ళతో సహా పడగొట్టింది. 1930ల మ్యాపు మీద ఇప్పటి ఒడ్డు పరిస్తే గీతలు కలవవు. మీరు స్కాన్ తప్పు చేశారనుకుంటారు. ముందు చర్చి, రోడ్డు కూడలి లాంటి కదలని గుర్తులతో మ్యాపు సరిచెయ్యండి, ఒడ్డుని ఎప్పుడూ ఆధారంగా తీసుకోకండి.

చిరునామాలో పేరు రూపం మారుతుంది. ఊరు కోల్కా, కానీ పగస్టు పేరు రాసేటప్పుడు కోల్కస్, నొవడ్ పేరు రాసేటప్పుడు తల్సు అవుతుంది. మన "తల్సి యొక్క" లాంటి విభక్తే. పల్లెల్లో ఇంటికి నంబరు బదులు పేరే ఉంటుంది. డేటాబేస్‌లో వెతికేటప్పుడు రెండు రూపాలూ కొట్టి చూడండి. కొన్ని బోర్డుల మీద లీవు పేర్లు కూడా ఉంటాయి, మజిర్బెని ఇరే అంటారు.

ప్రాజెక్టుకి నా సలహా: ఒకే కాగితం మీద మూడు మ్యాపులు పరచండి. 1930ల లాత్వియా సైన్యం 1:75 000 మ్యాపు, సోవియెట్ టోపోగ్రాఫిక్ షీటు, ఇప్పటి ప్రభుత్వ మ్యాపు. ఊరి పేర్లు మూడింట్లోనూ ఉంటాయి, పై పేర్లు మాత్రమే మారతాయి. పట్టికలో మొదటి గడి ఊరు, తర్వాత పగస్టు లేదా గ్రామ సోవియెట్, తర్వాత జిల్లా లేదా రయోన్ లేదా నొవడ్, చివర ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా. ఇలా ఒక్క మజిర్బెకి నింపితే మిగతా ఊళ్ళకి చాలావరకు అదే నకలు చేసుకోవచ్చు.

వెళ్ళి చూడాలనుకుంటే ఆగస్టు మొదటి శనివారం మజిర్బెలో లీవుల పండుగ జరుగుతుంది, ఆ రోజుకి ప్లాన్ చేసుకోండి. దొరికితే స్క్లాండ్రౌసిస్ తినండి, రై పిండి అట్టు మీద బంగాళదుంప, క్యారెట్ ముద్ద పెట్టి కాల్చినది, శాకాహారులకి ఇబ్బంది లేదు, గుడ్డు మాత్రం అడిగి తెలుసుకోండి. ఊళ్ళో పెద్దవాళ్ళని "మీ ఊరు ఏ జిల్లా?" అని అడగకండి. "మీ చిన్నప్పుడు కాగితం పనికి ఎక్కడికి వెళ్ళేవారు?" అని అడగండి. డుండగా, తల్సి, వెంట్స్‌పిల్స్ అని వయసుని బట్టి వచ్చే జవాబులు రాసుకుంటే మీ పట్టికకి సాక్ష్యం దొరుకుతుంది. పట్టిక తయారయ్యాక ఇక్కడ పెట్టండి, సీక్రగ్స్ పడమటి గీత దగ్గర తేదీలు నేను సరిచూసి చెప్తాను.